హావర్త్ నీళ్లు

ఇంగ్లండ్‌లో కీత్లీ నుంచి హావర్త్‌కు ఆవిరి రైలూ ఉంది, బస్సూ ఉంది. రైలు టిక్కెట్టు ధర చూసి బస్సెక్కాను. యార్క్‌షైర్ వాన అద్దాల మీద కొడుతూనే ఉంది. రాళ్లు పరిచిన ఆ నిటారు వీధి ఎక్కేసరికి ఆయాసం వచ్చింది, పైన కాఫీ ధర చూశాక ఇంకాస్త.

పంతొమ్మిదో శతాబ్దంలో నవలలు రాసిన షార్లట్, ఎమిలీ, యాన్ బ్రాంటీ అక్కచెల్లెళ్ల ఇల్లు ఇప్పుడు మ్యూజియం. టిక్కెట్టు ఏడాదంతా చెల్లుతుందట, హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లకు దానితో ఏం పని! లోపల జనమంతా ఎమిలీ కన్నుమూసిందని చెప్పుకునే సోఫా దగ్గర గుమిగూడారు. నా చూపు మాత్రం కిటికీ దగ్గరే ఆగిపోయింది. ఇంటి ఎదురుగానే శ్మశానం. మన ఊళ్లలో పొలిమేరకు నెట్టేస్తాం, ఇక్కడ ఊరి నెత్తిన పెట్టుకున్నారు.

డిగ్రీలో మాకు షార్లట్ నవల 'జేన్ ఐర్' నాన్‌డిటైల్డ్. బడిలో పిల్లలు వరసగా జ్వరంతో పోవడం, జేన్ స్నేహితురాలు హెలెన్ క్షయతో పోవడం వచ్చినప్పుడల్లా, ఏడిపించడానికే ఇన్ని చావులు పెట్టిందని మా లెక్చరర్ విసుక్కునేవారు. ఆయన్ని తెచ్చి ఈ వానలో నిలబెట్టాలనిపించింది. షార్లట్ అక్కలు మరియా, ఎలిజబెత్ కోవన్ బ్రిడ్జ్ బడి నుంచి జబ్బుతో ఇల్లు చేరి 1825లోనే పోయారు.

ఊరి సంగతి అంతకన్నా ఘోరం. చర్చి బాధ్యతలు చూసే తండ్రి పాట్రిక్ మంచినీళ్ల కోసం లండన్‌కు అర్జీలు పెట్టగా పెట్టగా, 1850లో బెంజమిన్ బాబేజ్ అనే అధికారి వచ్చి చూశాడు. ఇక్కడ చనిపోయేవారి సగటు వయసు 25.8 ఏళ్లని, 41.6 శాతం మంది ఆరేళ్లు నిండకుండానే పోతున్నారని రాశాడు. మురుగు వీధుల్లో పారేది, తాగే నీళ్లలో కలిసేది. శ్మశానం ఎగువన, ఇళ్లు దిగువన. సమాధుల మీద పరిచిన బండలు గాలి సోకనివ్వక, గడ్డి కూడా మొలవనివ్వక అడ్డుపడ్డాయి. పర్యాటకులు ముచ్చటపడి ఫొటోలు తీసుకుంటున్న చెట్లున్నాయే, అవి 1864లో ఆ నేల బాగుపడాలని నాటినవి! ఇలాంటి ఊళ్లో పెరిగిన మనిషి నవలలో తల్లీ తండ్రీ బతికి ఉంటేనే ఆశ్చర్యపోవాలి.

అందరూ వెళ్లే ఆ బీడుకొండల వైపు వెళ్లలేదు. బస్సు స్టాపులో ఒక ముసలమ్మ, అంత దూరం నుంచి వచ్చి కొండలు చూడలేదా అని నొచ్చుకుంది. సమాధులు చూశానన్నాను. "అవి చూడటానికి డబ్బేమీ అక్కర్లేదులే" అంది. ఆ ఊళ్లో నాకు నచ్చిన ధర అదొక్కటే.