వెనుక చక్రాలు వెడల్పు చేశాను, మడ్‌గార్డు ఒరిసింది: నా అనుభవం

నా కారు 2011 నాటి బీఎండబ్ల్యూ 320డి, ఈ90 తరానికి చెందినది. నేను కొన్నప్పుడు నాలుగు చక్రాలకూ 205/55 ఆర్16 టైర్లు, 7జె వెడల్పు రిమ్ములు ఉండేవి. 205 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 55 అంటే ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో, 16 అంటే అంగుళాల్లో రిమ్ము వ్యాసం. 7జె అంటే రిమ్ము వెడల్పు ఏడు అంగుళాలు. ఇంజిన్ బలమంతా వెనుక చక్రాలకే వెళ్లే బండి కనుక వెనుక వెడల్పైన టైర్లు వేయాలని మొదటి నుంచీ కోరిక. తయారీదారు ఇదే కారును ముందు 225/45 ఆర్17, వెనుక 255/40 ఆర్17 టైర్లతో కూడా అమ్మాడు. తలుపు పక్కనున్న గాలి ఒత్తిడి స్టిక్కర్‌పై ఆ కొలతలు కనిపించాక నాకు ధైర్యం వచ్చింది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటను గట్టిగా చెప్పింది. అందువల్ల కంపెనీ కొలతలు దాటకూడదని ముందే అనుకున్నాను. పాత టైరు వ్యాసం సుమారు 632 మిల్లీమీటర్లు, వెనుక వేయదలచిన టైరుది 636. స్పీడోమీటర్ లెక్క తప్పే తేడా కాదు.

టైరు కొలత ఇంత జాగ్రత్తగా చూసిన నేను రిమ్ము విషయంలో వెడల్పు ఒక్కటే చూశాను. సికింద్రాబాద్‌లో ఒక దుకాణంలో వాడిన 17 అంగుళాల అల్లాయ్‌లు దొరికాయి. వెనుకవి 8.5జె, ఐదు బోల్టుల వలయం 120 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 72.6, అన్నీ కుదిరాయి. రిమ్ము లోపల ఆఫ్‌సెట్ 20 అని పోతపోసి ఉన్నా దాని అర్థం నేనూ అడగలేదు, అమ్మినవారూ చెప్పలేదు. బిగించాక సమతలమైన నేల మీద మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య వేలు దూరింది. అది చాలనుకున్నాను.

తరువాతి ఆదివారం అమ్మానాన్నలనూ పెద్దమ్మనూ వెనుక సీట్లో కూర్చోబెట్టుకుని యాదగిరిగుట్టకు బయలుదేరాను. ఉప్పల్ దాటాక ఒక స్పీడ్ బ్రేకర్ దిగగానే వెనుక నుంచి రంపం కోసినట్లు చప్పుడు వచ్చింది. పక్కకు ఆపి చూస్తే ఎడమ టైరు బయటి భుజం మీద చుట్టూ సన్నని గీత పడి ఉంది, మడ్‌గార్డు లోపలి అంచున రంగు లేచిపోయింది. ఆ రేకు అంచు కత్తి వంటిది. అదే ఒరిపిడి వేగంలో ఉండగా కొనసాగి టైరు పక్క గోడ తెగి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. అక్కడి నుంచే నెమ్మదిగా వెనక్కి వచ్చేశాము.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. రిమ్ము వెడల్పులో సరిగ్గా మధ్య గీతకూ, అది హబ్‌కు, అంటే బండివైపు చక్రాన్ని బిగించే భాగానికి, ఆనుకునే తలానికీ మధ్య దూరమే ఆఫ్‌సెట్. ఆ సంఖ్య తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. నా పాత రిమ్ము 7జె, ఆఫ్‌సెట్ 34. దాని సగం వెడల్పు 88.9 మిల్లీమీటర్లు కనుక హబ్ నుంచి బయటికి సుమారు 55, లోపలికి 123. కొత్త 8.5జె రిమ్ము సగం వెడల్పు 108. ఆఫ్‌సెట్ 20 అయితే బయటి కొలత 88, అంటే పాతదానికన్నా 33 మిల్లీమీటర్లు బయటికి వచ్చింది. కంపెనీ ఈ టైరుకు ఇచ్చిన 8.5జె రిమ్ము ఆఫ్‌సెట్ 37. దానితో బయటికి 16, లోపలికి 22 మాత్రమే పెరుగుతుంది. రిమ్ముల వెడల్పు ఒకటే అయినా చక్రం ఉండే చోటులో 17 మిల్లీమీటర్ల తేడా. ఈ ఒక్క కూడిక దుకాణంలోనే చేసి ఉంటే ఆ ప్రయాణం ఆగేది కాదు.

వెనుక రిమ్ములను కొంత నష్టానికి తిరిగి ఇచ్చి, రెండు వారాలు వెతికి ఆఫ్‌సెట్ 37 ఉన్నవి తెచ్చుకున్నాను. ఈసారి మా వీధి చివరి మెకానిక్ దగ్గరకు వెళ్లాను. చక్రం బిగించి నేను వేలు పెట్టి చూస్తుంటే ఆయన, "ఖాళీ బండిల చూస్తే ఏం తెలుస్తది సార్, మనుషులు ఎక్కినంక చూడాలె" అన్నారు. స్ప్రింగు పూర్తిగా అణిగినప్పుడు, మలుపులో సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు సాగి చక్రం పక్కకు జరిగినప్పుడు మిగిలే ఖాళీయే అసలైన ఖాళీ. దాన్ని కొలవడానికి ఆయన చెప్పిన ఉపాయం నాకు ఎంతో నచ్చింది. వినాయక చవితికి తెచ్చి మిగిలిన బంకమట్టిని చిన్న ఉండలుగా చేసి, మడ్‌గార్డు అంచు లోపల మూడు చోట్ల, లోపలివైపు టైరుకు ఎదురుగా రెండు చోట్ల అంటించాము. నలుగురిని ఎక్కించి, డిక్కీలో బియ్యం బస్తా పెట్టి, రెండు స్పీడ్ బ్రేకర్లు దాటించి, ఒక మలుపు రెండు వైపులా తిప్పి తీసుకొచ్చాము. అణిగిన మట్టి మందం ఎంత ఉంటే అక్కడ మిగిలిన ఖాళీ అంత.

లోపలి ఉండలు రెండు వైపులా చెక్కుచెదరలేదు. కుడివైపు బయటి ఉండ 9 మిల్లీమీటర్లు మిగిలింది. ఎడమవైపు మూడే. కంపెనీ కొలతల బండికి ఇలా ఎందుకు జరగాలని మొదట అర్థం కాలేదు. వేలితో తట్టి చూస్తే ఎడమ మడ్‌గార్డు మీద పుట్టీ ఉన్నట్లు తెలిసింది. పాత యజమాని ఎప్పుడో దెబ్బ తగిలి టింకరింగ్ చేయించినప్పుడు అంచు కొద్దిగా లోపలికి వంగిపోయింది. అందుకే ఒక పక్క కొలిచి రెండో పక్క కూడా అంతే అనుకోరాదు.

ఎడమ అంచు ఒక్కటే మడత పెట్టించాలని నిర్ణయించుకున్నాను. చల్లటి రేకును వంచితే పాత రంగు పగిలి, వానాకాలంలో ఆ పగులు నుంచే తుప్పు పడుతుంది. డెంటింగ్ మేస్త్రీ హీట్ గన్‌తో అంచును చేయి ఆనలేనంత వేడి చేసి, హబ్‌కు బిగించే రోలర్‌తో ఒక్కసారిగా గాక ఐదారు విడతలుగా కొద్దికొద్దిగా పైకి మడిచాడు. తరువాత లోపలివైపు సీలెంట్ పూయించాను. గంటన్నర పని.

చక్రాల బోల్టులను, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లకు బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ సరిచూశాము. మరుసటి ఆదివారం కొత్త మట్టి ఉండలు అంటించి, అదే ముగ్గురిని వెనుక కూర్చోబెట్టుకుని, అదే స్పీడ్ బ్రేకర్ మీదుగా యాదగిరిగుట్ట వెళ్లి వచ్చాను. ఇంటికి వచ్చి చూస్తే ఎడమవైపు మట్టి 10 మిల్లీమీటర్ల మందాన ఎండిపోయి ఉంది.