హేవ్‌లాక్ వంతెనను 14 పేజీల్లో పరుస్తున్నా: ఇప్పటిదాకా జరిగింది

రాజమండ్రి హేవ్‌లాక్ వంతెనకి 56 స్పాన్లు (రెండేసి స్తంభాల మధ్య భాగాలు). 1900లో దాని మీద రైళ్లు మొదలయ్యాయి, 1997లో ఆగిపోయాయి. పేజీకి నాలుగు స్పాన్ల చొప్పున వేస్తే సరిగ్గా 14 పేజీలు వస్తాయి కాబట్టి, పేజీ తిప్పుతుంటే కొవ్వూరు నుంచి రాజమండ్రి దాకా వంతెన తెగకుండా సాగే చిన్న పుస్తకం చేద్దామనుకున్నా. లెక్క అంత చక్కగా కుదిరాక పని ఎంతసేపులే అనిపించింది. మూడో నెల నడుస్తోంది.

ఒకేచోట నిలబడి తీస్తే దగ్గరి స్పాను ఏనుగంత, దూరపుది చీమంత. అందుకని పడవ మాట్లాడుకుని, వంతెనకి దిగువన దాని పక్కనే వెళ్తూ ఫోన్‌తో తీశా. అన్నీ కలిపి ఒకే పొడవాటి ఫోటోగా అతికిద్దామంటే వెనకాల దూరంగా ఉన్నవి రెండేసిసార్లు వచ్చాయి (పడవ కదిలింది కదా, వస్తాయి మరి). అతికించడం మానేసి ప్రతి ఫోటోనీ స్తంభం మధ్యలో కోశా. సగం స్తంభం ఈ పేజీ చివర, మిగతా సగం పక్క పేజీ మొదట్లో. కన్ను దాన్ని ఒక్కటిగానే చూస్తుంది, ఎత్తు కలిస్తే చాలు.

ఆ ఎత్తు కలపడమే అసలు పని. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6లో ఏ5 అడ్డం పేజీ, 210 × 148 మిల్లీమీటర్లు, ఎదురెదురు పేజీలు, మొదటి పేజీ కుడివైపు. గైడ్స్ మేనేజర్‌లో (ప్రింటులో పడని కొలత గీతలు పెట్టేచోట) నిలువు గీతలు 52.5, 105, 157.5 దగ్గర, వంతెన అడుగు అంచు కోసం అడ్డగీత 62 దగ్గర పెట్టి అన్ని పేజీలకీ వర్తింపజేశా. తర్వాత ఫ్రేమ్ (ఫోటో కూర్చునే గడి) మీద డబుల్ క్లిక్ చేసి లోపలి ఫోటోని జరపడం, కంటెంట్ ప్యాలెట్‌లో స్కేల్‌ని ఇంచుమించుగా కాదు, పాయింటు తర్వాత అంకెల్లో మార్చడం, స్తంభాలు మూడు గీతల మీదా కూర్చునేదాకా. పడవ ఊగినందుకు ఒక్కో ఫోటో ఒక్కో పక్కకి వాలింది, వాటిని ముందే ఫోటోలు దిద్దే గింప్‌లో తిప్పి తెచ్చుకోవాలి. పేజీకి అరగంట పట్టింది.

ఫ్రేములు మాత్రం చేత్తో గీయలేదు. స్క్రైబస్‌లో పైథాన్ నడుస్తుంది కాబట్టి పది పన్నెండు లైన్ల స్క్రిప్ట్ రాశా: ఎడమ పేజీ అయితే ఫ్రేమ్ మైనస్ 3 దగ్గర మొదలవ్వాలి, కుడి పేజీ అయితే 0 దగ్గర, రెండింటికీ వెడల్పు 213, ఎత్తు 154. అంటే బ్లీడ్ (కాగితం కోసేటప్పుడు పోవడానికి అంచు దాటించే భాగం) బయటి మూడు వైపులే, మధ్య మడత వైపు లేదు. మొదటిసారి నాలుగు వైపులా 3 ఇచ్చేశా, ఎడమ ఫోటో మడత దాటి కుడి పేజీ మీదికొచ్చి అక్కడ స్తంభం లావెక్కింది.

ఇంకో తమాషా. పడవ రాజమండ్రి నుంచి బయల్దేరింది, కానీ దిగువ నుంచి చూస్తే కొవ్వూరు ఎడమవైపు ఉంటుంది. స్క్రిప్ట్ 01వ ఫోటోని 2వ పేజీలో పెట్టేసింది. స్పాన్లన్నీ ఒక్కలాగే ఉండటంతో చాలాసేపు తెలియనే లేదు, 2వ పేజీలో రాజమండ్రి గట్టు కనపడ్డాక నవ్వొచ్చింది. వరస తిరగేశా.

కొవ్వూరు వైపు ఇసుక మేటల దగ్గర పడవని దూరంగా తిప్పారు, అందుకే 2, 3, 4 పేజీల ఫోటోల్లో నాలుగు స్పాన్లకి కలిపి దాదాపు 1500 పిక్సెళ్లే దక్కాయి. మిగతా పేజీల్లో 350 డీపీఐ (అంగుళానికి చుక్కలు) వస్తుంటే వీటికి 180. రెండు పొద్దుల్లో తీసినందుకు ఆకాశం రంగులు కూడా కలవలేదు. స్క్రైబస్ ఇమేజ్ ఎఫెక్ట్స్‌లో అన్నింటినీ గ్రేస్కేల్ చేసేశా, అసలు ఫైలు చెక్కుచెదరదు. నలుపు తెలుపులో ఆ 180 కూడా అంత ఎబ్బెట్టుగా లేదు.

మొదటి ప్రూఫ్ (నమూనా ప్రింటు) దెబ్బతింది. ప్రింటింగ్ షాపులో సెంటర్ పిన్ (మడత మీదే పిన్ను) అని చెప్పి వచ్చినా సైడ్ పిన్ (మడత పక్కన, పై నుంచి పిన్ను) కొట్టారు, మడత దగ్గర పేజీకి 8 మిల్లీమీటర్లు మింగేసింది, స్తంభాలు గల్లంతు. రెండోది దగ్గరుండి సెంటర్ పిన్ కొట్టించా. వంతెన 14 పేజీలూ మిగతావీ కలిపి మొత్తం 20 పేజీల్లో 10, 11 మాత్రమే ఒకే కాగితం మీద పక్కపక్కన పడతాయి, అక్కడ వంతెన గీత గీసినట్టు కలిసింది. 6, 7 దగ్గర మిల్లీమీటరు తేడా. మడత చేత్తో వేశారు, దానికి స్క్రైబస్‌ని అనలేం. పీడీఎఫ్ తీసేటప్పుడు డాక్యుమెంట్ బ్లీడ్ వాడమని టిక్ పెట్టడం మర్చిపోవద్దు, ఒకసారి మర్చిపోతే అంచుల్లో తెల్లగీతలొచ్చాయి.

చివర్లో మాటలు మండలి ఫాంట్‌లో, యూనికోడ్‌లోనే. పాత 1.4లో ఒత్తులు చెదిరిపోయేవి, ఇప్పుడు బాగానే కూర్చుంటున్నాయి. షాపువాళ్లు మాత్రం యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో ఇమ్మన్నారు, పీడీఎఫ్ చూపిస్తే సరేనన్నారు.

నీళ్లు పెరిగాక కొవ్వూరు వైపు ఆ మూడు ఫోటోలు మళ్లీ తీయాలి. పడవాయన అడిగాడు, పోయినసారి తీసిందే కదండీ వంతెన అని.