స్కానర్‌తో నలుపు తెలుపు ప్రింట్లను సరిచేసుకున్న తీరు: నా అనుభవం

తెర మీద మెల్లగా చిక్కబడుతూ పోయే నీడలు, కాగితం మీదికి వచ్చేసరికి ఒకే నల్లటి ముద్దగా కలిసిపోవడం ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌తో నలుపు తెలుపు ఫొటోలు ముద్రించుకునేవారికి బాగా తెలిసిన బాధ. దీన్ని సరిచేయడానికి స్పెక్ట్రోఫొటోమీటర్ (రంగులను, ఛాయలను కొలిచే పరికరం) తప్పనిసరి అంటారు. నేను మాత్రం ఫ్లాట్‌బెడ్ స్కానర్‌తోనే ఆ పని పూర్తిచేశాను. స్కానర్ చూపే అంకెలను నేరుగా కొలతలుగా తీసుకోకూడదు, అయితే సాంద్రత (ఛాయ ఎంత ముదురో తెలిపే అంకె) ముందే తెలిసిన గ్రే స్కేల్‌ను, అంటే తెలుపు నుంచి నలుపు వరకు మెట్లుమెట్లుగా ముదిరే పట్టీని, ప్రింటు పక్కనే ఉంచి రెండింటినీ పోల్చుకుంటే వాటిని నమ్మవచ్చు.

ప్రింటింగ్‌కు క్వాడ్‌టోన్‌రిప్ అనే నలుపు తెలుపు ముద్రణ ప్రోగ్రామ్ వాడాను. ముందుగా తేల్చుకోవలసింది ఇంక్ పరిమితి. మ్యాట్ కాగితం కొంత ఇంక్ పీల్చుకున్నాక, ఇంకా ఎంత పోసినా నలుపు పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. ఆ హద్దు తెలుసుకున్న తరువాత 0 నుంచి 100 శాతం వరకు అయిదేసి శాతం చొప్పున 21 గడులున్న పట్టీని ముద్రించి, ఒక రోజంతా ఆరనిచ్చాను. తడి ఆరే కొద్దీ ఛాయ మారుతుంది కనుక ఈ విషయంలో తొందర పనికిరాదు.

పోలికకు తీసుకున్నది కోడాక్ క్యూ-13 గ్రే స్కేల్. అందులో 20 మెట్లు ఉంటాయి, మెట్టుకీ మెట్టుకీ సాంద్రతలో తేడా 0.10. మ్యాట్ కాగితం మీద వచ్చే గాఢమైన నలుపు సాంద్రత ఇంచుమించు 1.6 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, ఆ స్కేల్ నా అవసరానికి సరిపోయింది. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో ఆటో ఎక్స్‌పోజర్, షార్పెనింగ్, రంగుల దిద్దుబాటు అన్నీ ఆపేసి, 48 బిట్లలో స్కాన్ చేసి, ఆకుపచ్చ ఛానెల్ విలువలు మాత్రమే తీసుకున్నాను. గడి అంచులు వదిలి, మధ్య భాగం సగటు లెక్కించాను. బాగా పెద్దది చేసి చూస్తే లేత గడుల్లో ఇంక్ చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. అందువల్ల ఒకటి రెండు పిక్సెళ్లను చూసి ఛాయ చెప్పడం కుదరదు, సగటే దారి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసి వచ్చింది చెదిరిన వెలుగు విషయంలో. స్కానర్ దీపం కాంతి తెల్ల కాగితం మీద పడి, గాజుకు తగిలి, పక్కనున్న నల్ల గడి మీదికి మళ్లుతుంది. దాంతో ఆ గడి ఉన్నదానికన్నా లేతగా నమోదవుతుంది. ఒకే నల్ల గడిని తెల్ల కాగితం నడుమ ఒకసారి, నల్ల అట్టలో కోసిన కిటికీలోంచి మరొకసారి స్కాన్ చేసి చూస్తే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. అందుకే గ్రే స్కేల్‌కూ నా పట్టీకీ ఒకే రకమైన నల్ల అట్ట చుట్టూ పెట్టి, గాజు మధ్యలో, దీపం కదిలే దిశలోనే పక్కపక్కన అమర్చాను. ఆ తరువాత రెండింటినీ గాజు మీదే పై కొన కిందికి వచ్చేలా తిప్పి మళ్లీ స్కాన్ చేసి, రెండు విలువల సగటు తీసుకున్నాను.

గ్రే స్కేల్ మెట్ల సాంద్రతలకూ స్కాన్ విలువలకూ మధ్య ఒక వక్రరేఖ గీసుకుంటే, నా గడుల సాంద్రతలు దాని మీదనే దొరుకుతాయి. వాటిని కంటికి కనిపించే లేతదనాన్ని తెలిపే ఎల్-స్టార్ విలువలుగా (0 అంటే పూర్తి నలుపు, 100 అంటే పూర్తి తెలుపు) మార్చాను. కాగితపు తెలుపు 96, గాఢమైన నలుపు 18 కాబట్టి, 50 శాతం గడి 57 చూపాలి. దిద్దకముందు అది 48 చూపింది, అంటే ఉండవలసినదానికన్నా ముదురుగా వచ్చింది. నీడలు ముద్దకట్టడానికి కారణం అక్కడే తెలిసిపోయింది. ఈ విలువలను క్వాడ్‌టోన్‌రిప్ వాడే ఇంక్ వివరాల ఫైలులో, ఛాయలను సమం చేయడానికి ఉన్న లీనియరైజ్ వరుసలో లేత నుంచి ముదురుకు రాశాను. వరుసలో ఎక్కడైనా విలువ వెనక్కి తిరిగితే ప్రోగ్రామ్ ఒప్పుకోదు. అలా జరిగితే అంకెను దిద్దడం కన్నా, ఆ గడిని మళ్లీ కొలవడమో ఇంక్ పరిమితి తగ్గించడమో సరైన పని అని నా అభిప్రాయం.

ఆ విలువలతో ప్రోగ్రామ్ తయారుచేసిన కొత్త ఇంక్ వక్రంతో ముద్రించిన పట్టీలో 90, 95, 100 శాతం గడులు విడివిడిగా కనిపించాయి. గ్రే స్కేల్ ఉపరితలం, నా కాగితం ఉపరితలం ఒకటి కావు కాబట్టి, ఈ సాంద్రతలను మరొకరి కొలతలతో పోల్చడం సరికాదు. ఛాయలు ఒకదాని తరువాత ఒకటి సమంగా మారుతున్నాయా అని చూసుకోవడానికి మాత్రం ఇవి చాలు. కాగితం గానీ ఇంక్ గానీ మారిస్తే ఈ పని మళ్లీ మొదటి నుంచి చేయవలసిందే.