డ్రాయింగ్ పీరియడ్ వదిలేశాక

ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరంటే ఎవరికీ పెద్ద పట్టింపు ఉండదు. పరీక్షలు దగ్గరపడితే లెక్కల మాస్టారు ముందు లాక్కునేది మన పీరియడే. వార్షికోత్సవానికి స్టేజీ వెనక తెరకి రంగులెయ్యాలన్నా, ఆగస్టు 15కి జెండా చుట్టూ ముగ్గు పెట్టాలన్నా మాత్రం మనమే గుర్తొస్తాం. విజయవాడలో అలా పదేళ్ళకి పైనే చేసి, 2022 వేసవిలో మానేశాను. ఇప్పుడు ఇంటి పైగదిలో నిఫ్ట్ (ఫ్యాషన్ డిజైన్ కాలేజీల ప్రవేశ పరీక్ష), ఆడ్‌సెట్ (మన రాష్ట్రంలో ఆర్ట్, డిజైన్ కోర్సుల ప్రవేశ పరీక్ష) రాసే పిల్లలకి డ్రాయింగ్ కోచింగ్ ఇస్తున్నాను. నా డిజైన్లు కలంకారీ అద్దకానికి పేరున్న పెడనలో అచ్చు వేయించి చీరలూ దుపట్టాలూ అమ్ముతున్నాను. "ఎలా చేశావే? మాకూ చెప్పు" అని పాత స్టాఫ్‌రూమ్ వాళ్ళు అడుగుతూనే ఉన్నారు, అందుకే ఇది.

ముందు మానేయడమే పెద్ద పని. టెన్త్ మెమో దగ్గర్నుంచి డ్రాయింగ్ హయ్యర్ గ్రేడ్ సర్టిఫికెట్ దాకా ఒరిజినల్స్ అన్నీ స్కూలు వాళ్ళ బీరువాలోనే ఉన్నాయి. ఏడాది మధ్యలో వెళ్తానంటే అవి బయటికి రావు. అందుకే ఏప్రిల్ ఆఖరి పనిదినం దాకా ఆగి, కాగితం మీద రాసిచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకున్నాను. అయినా ఆఫీసు రూము ముందు కుర్చీలో చాలాసేపే కూర్చోబెట్టారు. పీఎఫ్ సొమ్ము రెండు నెలలు ఖాళీగా ఉన్నాక వచ్చింది. పెన్షన్ వాటా చేతికి రాలేదు. పదేళ్ళ సర్వీసు నిండితే దాన్ని తీసుకోనివ్వరు, స్కీమ్ సర్టిఫికెట్ ఇస్తారు. 58 నిండాక నెలనెలా పెన్షన్. "అయితే ఆ డబ్బు పోయినట్టేనా?" అన్నారు మా ఆయన. పోలేదండీ, ముసలితనానికి దాచారు.

రెండింట్లో ముందు కోచింగే మొదలుపెట్టాను. గుడ్డ మీద పెట్టిన రూపాయి తిరిగి రావడానికి నెలలు పడుతుంది. కోచింగ్‌కి కావలసింది నాలుగు బల్లలు, ఒక తెల్లబోర్డు. మొదటి బ్యాచ్ అంతా మా వీధి పిల్లలూ, నా పాత విద్యార్థుల తమ్ముళ్ళూ చెల్లెళ్ళే.

ఫీజు చెప్పగానే ఒక తండ్రి నవ్వేశారు. "డ్రాయింగే కదా మేడమ్, ఎంసెట్ కోచింగ్ కాదు కదా!" స్కూల్లో అయితే నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. అక్కడ నా గంట విలువ ఎంతో నాకూ తెలీదు, వాళ్ళకీ తెలీదు, ఒకటో తారీఖున జీతం పడేది. ఇక్కడ నోరు తెరిచి చెప్పాలి. "నిఫ్ట్‌లో బీడిజైన్‌కి మొత్తం నూటిలో 50 వంతులు క్రియేటివ్ ఎబిలిటీ టెస్ట్‌వే, అంటే డ్రాయింగూ డిజైనూ పేపర్‌వే అండీ. మీరు ఇంగ్లీషుకీ రీజనింగ్‌కీ కట్టిన ఫీజు 30 వంతుల కోసం. మిగతా 20 సిట్యుయేషన్ టెస్ట్‌వి, అదీ చేతిపనే" అన్నాను. ఆయన లెక్క వేసుకున్నారు. తగ్గించమని మళ్ళీ అడగలేదు.

ఆ సిట్యుయేషన్ టెస్ట్ దగ్గరే మన పిల్లలు తడబడతారు. కాగితం, దారం, స్పాంజి, తీగ లాంటివి ముందు పెట్టి, ఒక విషయం చెప్పి, మోడల్ చెయ్యమంటారు. ఎంపీసీ చదివిన పిల్లాడు ముందు స్కేలు తీస్తాడు. కొలిచి, గీత గీసి, గీత మీద కత్తిరించి, అతికించేసరికి సగం టైమ్ అయిపోతుంది. అందుకని మొదటి వారాల్లో కత్తెరా స్కేలూ నా దగ్గరే పెట్టుకుంటాను. కాగితాన్ని చేత్తో చింపాలి, మడవాలి, మెలిపెట్టాలి. ఒకమ్మాయి దారాన్ని తడిపి స్పాంజికి బిగించి చుట్టి ఆరబెట్టింది. చుట్టిన చోట స్పాంజి సన్నబడి బిందెలా నిలబడింది. మిగతావాళ్ళంతా ఆ బల్ల చుట్టూ మూగారు. నేను పాఠం చెప్పి ఉంటే అంత శ్రద్ధగా వినేవారు కాదు.

కలంకారీ వైపు నన్ను లాగింది కూడా పాఠమే. డిజైన్ పేపర్‌లో రిపీట్ నేర్పడానికి, అంటే ఒకే బొమ్మని అతుకు తెలియకుండా పక్కపక్కన పేర్చడం నేర్పడానికి, పెడన అచ్చు గుడ్డ కంటే మంచి పుస్తకం లేదు. టేకు చెక్క మీద చెక్కిన అచ్చుల్లో గీతకొకటి, ఒక్కో రంగుకొకటి ఉంటాయి. గుడ్డని కరక్కాయ కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెడతారు. ఇనుప తుక్కునీ బెల్లాన్నీ ఊరబెట్టిన నీళ్ళు ఆ గుడ్డని తాకితే నల్లగా తేలుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు అద్దుతారు. మంజిష్ఠతో ఉడికించాక ఆ చోటే ఎర్రబడుతుంది. నా మొదటి అచ్చు, కొండపల్లి బొమ్మల్లోని ఏనుగు అంబారీ, చెక్కించడానికి వెళ్తే అచ్చుల పని ఆయన కాగితం చూసి, "అమ్మా, తొండం దగ్గర గీతలు ఇంత దగ్గరగా ఉంటే రంగు నిండిపోద్ది. కొంచెం ఎడం పెట్టండి" అన్నారు. ఎడం పెట్టాను. ఆ మాట ఇప్పుడు క్లాసులో నేను చెబుతున్నాను.

అసలు చిక్కంతా అమ్మేటప్పుడు. బజారులో స్క్రీన్ ప్రింట్ చీర కూడా కలంకారీ పేరుతోనే, మూడో వంతు ధరకి దొరుకుతుంది. వాదించడం మానేశాను. చీర మడత విప్పి, రెండు అచ్చులు కలిసే చోట వెంట్రుకవాసి తేడా చూపిస్తాను. చెయ్యి చేసిన పనికి ఆ తేడా ఉంటుంది, యంత్రానికి ఉండదు. కొనేవాళ్ళు కొంటారు. చుట్టాలకి మాత్రం ప్రత్యేక ధర లేదు. మా అత్తయ్యగారే ముందు డబ్బిచ్చి దుపట్టా తీసుకున్నారు కాబట్టి మిగతావాళ్ళు నోరెత్తలేకపోయారు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే నమోదు, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది, ఫీజు లేదు. డబ్బు అడిగే వెబ్‌సైట్లు సర్కారువి కావు. బ్యాంకులో వ్యాపారం పేరున ఖాతా తెరవడానికి ఆ సర్టిఫికెట్టే పనికొచ్చింది. జీఎస్టీ దగ్గర జాగ్రత్త. మన రాష్ట్రంలో సరుకు మాత్రమే అమ్మితే ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నాలాగా కోచింగ్ కూడా ఉంటే హద్దు 20 లక్షలే, ఒకే పాన్ మీద రెండూ కలిపి లెక్కేస్తారు. తెలంగాణలో సరుకుకి కూడా 20 లక్షలే. ఆ గీత దాటితే కోచింగ్ ఫీజు మీద 18 శాతం పడుతుంది. అందుకే రెండింటికీ వేరువేరు రసీదు పుస్తకాలు పెట్టాను, కూడిక మాత్రం నెలాఖరున ఒకేచోట.

ఇద్దరు టీచర్లు ఉద్యోగం మానేస్తామంటే నేను అడిగింది ఒక్కటే, జూన్ జూలైలు ఎలా గడుపుతారని. నిఫ్ట్ పరీక్ష ఫిబ్రవరి ప్రాంతంలో ఉంటుంది, కోచింగ్ రద్దీ అంతా దసరా తర్వాతే. వానలు మొదలైతే పెడనలో గుడ్డ ఎండదు, సరుకు రాదు. సరిగ్గా అప్పుడే మన పిల్లల స్కూలు ఫీజులూ పుస్తకాలూ వచ్చి కూర్చుంటాయి. నేను మాఘమాసం పెళ్ళిళ్ళ అమ్మకాల్లోంచి కొంత తీసి వేరే ఖాతాలో వేస్తాను, జూన్ దాకా దాని జోలికి వెళ్ళను. వానాకాలంలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి వారాంతపు డ్రాయింగ్ క్లాసులు పెట్టాను. లాభం తక్కువే, కరెంటు బిల్లూ ఇంటి సరుకులూ వెళ్ళిపోతాయి. ఈ ఏడు నుంచి నిఫ్ట్ బ్యాచ్ ఫీజులో సగం చేరేటప్పుడే తీసుకుంటున్నాను, మిగతాది సంక్రాంతి సెలవుల్లోపు.