చప్పట్లకు వెలిగే గాజు

మా అక్క కూతురికి సిల్క్ దారం గాజులంటే పిచ్చి. ఇంట్లో కూర్చుని ప్లాస్టిక్ గాజుకు గమ్ రాసి, రంగు రంగుల దారాలు చుట్టేస్తుంటుంది. పోయిన బతుకమ్మకు ముందు వచ్చి, "చిన్నమ్మా, చప్పట్లు కొడితే వెలిగే గాజు చేస్తవా?" అనడిగింది. నేను ఆఫీసులో సర్క్యూట్ బోర్డులు గీసేదాన్నే కానీ అవన్నీ గట్టివి. వంగే బోర్డు ఎప్పుడూ గీయలేదు. అయినా సరేనన్నాను.

2-4 సైజు గాజంటే లోపలి వ్యాసం రెండుంబావు అంగుళాలు. చుట్టుకొలత లెక్కేసి 180 మి.మీ. పట్టీ గీశాను. కాగితం మీద ప్రింటు తీసి గాజుకు చుడితే వేలెడు ఖాళీ మిగిలింది! గాజుకు 2 మి.మీ. మందం ఉంది, నేను చుట్టేది బయటి వైపు. ఆ సంగతే మరిచాను. సర్లే, దారం ముడికి పనికొస్తుందని వదిలేశాను.

చిప్ అట్టైనీ85వి, అంటే ఒక బుల్లి కంప్యూటర్. ఎనిమిది కాళ్లు, ప్రోగ్రామ్ దాచుకోవడానికి 8 కేబీ ఫ్లాష్ మెమరీ. చివర 'వి' ఉన్నది 1.8 వోల్టుల దాకా పనిచేస్తుంది కాబట్టి బటన్ సెల్ నీరసపడ్డా ఫరవాలేదు. లోపలే క్లాక్ ఉంది, టిక్‌టిక్ కొట్టే క్రిస్టల్ బయట అక్కర్లేదు. రీసెట్ కాలిని ప్లస్ వైపు పట్టి ఉంచే పుల్-అప్ రెసిస్టర్ కూడా లోపలే ఉంది, బయటిది తీసేశాను. యూఎస్‌బీ లేదు, వోల్టేజీని సరిచేసే రెగ్యులేటర్ లేదు. ప్రోగ్రామ్ ఎక్కించడానికి పట్టీ చివర ఒక తోక, దాని మీద వైర్లు తాకించడానికి ఆరు ప్యాడ్లు. పని అయ్యాక కత్తెరతో కత్తిరించేయొచ్చు. గట్టి బోర్డుకు ఆ సుఖం లేదు.

ఇక లైట్లు. చార్లీప్లెక్సింగ్ చేస్తే, అంటే ప్రతి రెండు లైన్ల మధ్యా ఎదురెదురు దిక్కుల్లో రెండు ఎల్‌ఈడీలు పెట్టి వంతులవారీగా వెలిగిస్తే, మూడు లైన్లకే ఆరు ఎల్‌ఈడీలు వస్తాయి. చిక్కేమిటంటే నాది ఒకే పొర బోర్డు, అందులో ఒక లైను మీదుగా ఇంకోటి పోదు. మొదటి లైనుకీ మూడో లైనుకీ మధ్య ఎల్‌ఈడీ పెట్టాలంటే నడిమి లైను దాటాలి. రెండు రాత్రులు దీంతోనే తన్నుకున్నాను. చివరికి 1206 సైజు ఎల్‌ఈడీని పట్టీకి అడ్డంగా పెడితే దాని పొట్ట కింద నుంచే నడిమి లైను ట్రేస్ (రాగి గీత) వెళ్లిపోతుందని తట్టింది. వంతెన వేరే కట్టక్కర్లేదు, ఎల్‌ఈడీయే వంతెన. ఎరుపే తీసుకున్నాను, తెలుపుకైతే 3 వోల్టులు సరిపోవు. మొత్తం పదమూడు ముక్కలు: చిప్, దానికి కరెంటు నిలకడగా అందించే కెపాసిటర్, మూడు రెసిస్టర్లు, ఆరు ఎల్‌ఈడీలు, కదిలిస్తే తగిలే చిన్న స్ప్రింగ్ స్విచ్, సీఆర్1220 సెల్ హోల్డర్.

బోర్డు వచ్చాక చూస్తే 0.1 మి.మీ. పైచిలుకు మందం, కాప్టాన్ టేపు రంగు. బోర్డు చేసేది పాలిఇమైడ్ అనే ప్లాస్టిక్‌తో, అది తేమ పీలుస్తుంది, వానాకాలం కూడాను. తడి ఉండగా వేడి చేస్తే పొరలు బుడగల్లా లేస్తాయి. అందుకే మూలన పడేసిన పాత ఓవెన్లో ముందు ఆరబెట్టి, చెక్క మీద టేపుతో అతికించి టంకం పెట్టాను. అతికించకపోతే ఐరన్ తగలగానే పట్టీ మెలి తిరుగుతుంది. ప్రోగ్రామ్ ఎక్కుతుంటే ఎల్‌ఈడీలు వాటంతటవే మినుకుమన్నాయి, ఆ కాళ్లే రెండు పనులూ చేస్తాయి కదా. అది చూసి మా అక్క కూతురు ఎగిరి గంతేసింది.

ఐదో రోజుకు సెల్ అయిపోయింది. చప్పట్లు లేనప్పుడు చిప్ నిద్రపోవాలి, ఒక మైక్రోఆంపియర్ కూడా తాగకూడదు. మీటర్ పెడితే 300! ముందు నా కోడ్‌ను తిట్టుకున్నాను. తర్వాత స్ప్రింగ్ స్విచ్ అంటుకుపోయిందేమోనని పీకేశాను. తేడా లేదు. విసుగొచ్చి పట్టీని గోటితో అక్కడా ఇక్కడా నొక్కుతుంటే ఒకచోట అంకె గంతులేసింది. కెపాసిటర్!

చిప్ కింద, సెల్ కింద బోర్డు వంగకుండా స్టిఫెనర్ అనే గట్టి పలక అతికించి ఉంటుంది. అది ఆగిపోయే అంచు దగ్గరే వంపు బలమంతా పడుతుంది. ఈ చిప్‌కు ప్లస్, గ్రౌండ్ కాళ్లు ఎదురెదురు మూలల్లో ఉంటాయి. ట్రేస్ పొట్టిగా ఉండాలన్న ఆశతో కెపాసిటర్‌ను సరిగ్గా ఆ అంచు మీద, అదీ పట్టీ పొడవునా పెట్టాను. సిరామిక్ కెపాసిటర్ అంటే పెంకు లాంటిది. గాజుకు చుట్టగానే లోపల చిట్లింది, బయటికి కనపడలేదు. ఊడదీశాక కరెంటు పడిపోయింది. ఎల్‌ఈడీలను ట్రేస్ కోసం అడ్డంగా పెట్టాను కాబట్టి అవి బతికిపోయాయి. తెలివి అనుకోకండి, అదృష్టం.

రెండో బోర్డులో స్టిఫెనర్‌ను 4 మి.మీ. పొడిగించి, కెపాసిటర్‌ను దాని మీదికి జరిపి అడ్డంగా తిప్పాను. అంచు దగ్గర ట్రేసులు లావు చేశాను. తోక మాత్రం ఈసారి కత్తిరించలేదు, దారం కింద మడిచి దాచాను.

సద్దుల బతుకమ్మ రోజు వాకిట్లో చప్పట్లు మొదలయ్యాయి. గాజు వెలిగింది. రెండు పాటలయ్యాక పరిగెత్తుకుంటూ వచ్చి చెయ్యి చాపింది.

"చిన్నమ్మా, ఇంకో చేతికేది?"