ఒడిశా నుంచి ఏడేళ్ల పాపను దత్తత తెచ్చుకుంటే: మా అనుభవం

కాగితాల పని అనుకున్నంత కష్టం కాదు. నాలుగు దాటి ఎనిమిదేళ్ల లోపు బిడ్డ కావాలంటే దంపతుల వయసులు కలిపి 100 దాటకూడదు. హోమ్ స్టడీ రిపోర్టు (సోషల్ వర్కర్ మీ ఇంటికొచ్చి, మీ పరిస్థితులు చూసి రాసేది) మూడేళ్లు చెల్లుతుంది. ప్రభుత్వ దత్తత వెబ్‌సైటు కారింగ్స్‌లో రెఫరల్ (ఫలానా బిడ్డ వివరాలు మీకు పంపడం) వచ్చాక ఆ బిడ్డను రిజర్వ్ చేసుకోడానికి మాత్రం 48 గంటలే గడువు. ఆలోగా మెడికల్ రిపోర్టు మీకు తెలిసిన పిల్లల డాక్టరుకు చూపించండి, సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తవ్యాధి) పరీక్ష చేశారో లేదో అడగండి. పుట్టిన తేదీ చాలాసార్లు పళ్లు, ఎముకలు చూసి వేసిన అంచనా; ఏడాది అటూ ఇటూ ఉండొచ్చు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేటు.

అసలు పని పాప ఇంటికొచ్చాక మొదలవుతుంది.

"తెలుగులోనే మాట్లాడండి, తొందరగా వచ్చేస్తుంది" అని అందరూ చెబుతారు. వినొద్దు. ఒడియా జారిపోతుంటుంది, తెలుగు ఇంకా పట్టుబడదు. మధ్యలో కడుపునొప్పి అని చెప్పడానికి కూడా మాట ఉండదు. అప్పుడు వచ్చే ఏడుపు, విసిరికొట్టడం మొండితనం కాదు. వెళ్లేముందే ఇరవై మాటలు నేర్చుకోండి: భోక లాగుచి (ఆకలేస్తోంది), డర లాగుచి (భయమేస్తోంది)... పాప అప్పటిదాకా ఉన్న పిల్లల హోమ్‌లో ఆయా రాత్రిపూట పాడే పాటను ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చుకోండి. ఆయాను "మౌసీ" (పిన్ని) అని పిలవడం అలవాటైన పిల్ల మిమ్మల్నీ అలాగే పిలిస్తే "అమ్మ" అనమని ఒత్తిడి చేయకండి.

తిండి విషయంలో ఆవకాయ, గోంగూర కారం మొదట్లో వద్దు. వాళ్ల పఖాళ మన చద్దన్నానికి దగ్గరి చుట్టమే. నీళ్లన్నం, పెరుగు, వేపుడుతో మొదలుపెడితే తింటారు. దిండు కింద బిస్కెట్లు దొరికితే తిట్టకండి. చేతికందేచోట ఒక డబ్బా పెట్టి, అది ఎప్పుడూ నిండుగా ఉంచండి. దాచడం మానడానికి నెలలు పట్టొచ్చు.

మొదటి నెల బుద్ధిమంతురాలిలా ఉన్న పిల్ల రెండో నెలలో పక్క తడపవచ్చు, అబద్ధమాడవచ్చు, తెలియనివాళ్ల వెంట వెళ్లిపోబోవచ్చు. అది పరీక్ష: నన్ను వెనక్కి పంపిస్తారా, లేదా? ఆ రోజుల్లో చుట్టాలను రానివ్వకండి. "ఎవరి పిల్లో, ఏ కులమో" అనే మాట భాష రాకపోయినా అర్థమవుతుంది.

కొన్ని స్కూళ్లు తెలుగు, ఇంగ్లిష్ రావని రెండు క్లాసులు వెనక్కి వేయాలని చూస్తాయి. 2009 విద్యాహక్కు చట్టం వయసుకు తగ్గ తరగతే అంటుంది, అవసరమైతే ప్రత్యేక శిక్షణ కూడా.

రెండేళ్లపాటు ఆర్నెల్లకోసారి ఫాలోఅప్‌కి వస్తారు. సోషల్ వర్కర్‌కి "అంతా బాగుంది" అని చెప్పి పంపేయకండి; రాత్రి ఎన్నిసార్లు లేస్తోందో, ఏం విసిరేస్తోందో తేదీలతో రాసి ఉంచుకుని చూపించండి. కౌన్సెలింగ్ అడగడానికి ఆ కాగితమే ఆధారం.