పెదనాన్న రికార్డులకు తగ్గ సెట్టు: జూన్ నుంచి అక్టోబరు దాకా

జూన్

టర్న్‌టేబుల్ కొనాలనుకోగానే మనసు మోడళ్ళ మీదికి, ధరల మీదికి పోతుంది. ఆ పని పక్కన పెట్టి ముందు రికార్డులు విడదీశాను. తెనాలిలో పెదనాన్న దాచుకున్న రేకుపెట్టె ఇప్పుడు హైదరాబాదులో మా ఇంట్లో ఉంది. అందులో సగానికి పైగా 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. లక్కతో చేసిన పది అంగుళాల ప్లేట్లు, ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర. ఎక్కువ భాగం పద్యనాటకాల సెట్లు; హెచ్‌ఎంవీ, కొలంబియా, ఓడియన్ లేబుళ్ళు. తర్వాత సినిమా పాటల ఈపీలు అనే చిన్న ప్లేట్లు, అడుగున కొన్ని ఎల్‌పీలు, ఎక్కువసేపు పాడే పెద్ద ప్లేట్లు. నాలుగైదు తప్ప అన్నీ మోనో, అంటే కుడి ఎడమ తేడా లేకుండా ఒకే శబ్దం.

ఈ లెక్క తేలాక కొనుగోలు సులువైంది. చౌకలో దొరికే ఆటోమేటిక్ టర్న్‌టేబుళ్ళలో చాలావాటికి 33, 45 వేగాలే ఉంటాయి. అవి నాకు పనికిరావు. 78 వేగం ఉండాలి, సూది మార్చుకునే వీలుండాలి, సూదిని మోసే చేయి (టోన్‌ఆర్మ్) బరువు నేనే సర్దుకోగలగాలి. ఈ మూడూ చూసి ఆడియో టెక్నికా ఎల్‌పీ120ఎక్స్ తీసుకున్నాను. మోటారే నేరుగా పళ్ళేన్ని తిప్పే డైరెక్ట్ డ్రైవ్; 33, 45 మీటలు రెండూ కలిపి నొక్కితే 78 వస్తుంది. వేగాన్ని కొద్దికొద్దిగా పెంచి తగ్గించే పిచ్ స్లైడర్ కూడా ఉంది. దాని విలువ అక్టోబరులో బాగా తెలిసింది.

దాంతో వచ్చే వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కి (సూది కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) ఒక సుగుణం ఉంది: సూది భాగాన్ని లాగి, అదే ఒంటికి ఇంకో రకం సూది తగిలించుకోవచ్చు. 78ల కోసం వీఎం95ఎస్‌పీ సూది విడిగా కొన్నాను. ఇది లేకుండా 78 వేగం ఒక్కటే ఉండి లాభం లేదు. ఎల్‌పీ గాడి సన్నం, దాని సూది మొన సుమారు 18 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 78 గాడికి 75 మైక్రాన్ల మొన కావాలి. ఎల్‌పీ సూది వేస్తే అది గాడి గోడలను పట్టుకోకుండా అడుగున ఊగుతూ, అక్కడ పేరుకున్న దుమ్మునంతా వినిపిస్తుంది. రికార్డుకీ మంచిది కాదు, సూదికీ మంచిది కాదు.

యాంప్లిఫైయర్ యమహా ఏ-ఎస్301. టర్న్‌టేబుల్ తగిలించే ఫోనో ఇన్‌పుట్ ఉంది, బాస్ (కిందిస్థాయి), ట్రెబుల్ (పైస్థాయి) తిప్పుకునే మీటలున్నాయి. ఇప్పటి చాలా యాంపుల్లో ఆ మీటలు తీసేస్తున్నారు, పాత రికార్డులు వినేవాళ్ళకు అది పెద్ద నష్టం. స్పీకర్లు వార్ఫ్‌డేల్ డైమండ్ వరుసలోని బుక్‌షెల్ఫ్ జత. బాస్ కోసం విడిగా పెట్టే సబ్‌వూఫర్ జోలికి పోలేదు. పద్యం ప్రాణమంతా గొంతు పలికే మధ్యస్థాయిలో ఉంటుంది. 78ల అడుగున వినిపించేది సంగీతం కన్నా గరగర ఎక్కువ.

జూలై

టర్న్‌టేబుల్ ఎక్కడ పెట్టాలనేది మొదటి ప్రశ్న. స్పీకర్లున్న బల్ల మీదే పెడితే వాటి అదురు సూదికి ఎక్కి, మళ్ళీ స్పీకర్లలోంచి వచ్చి, శబ్దం పెంచేకొద్దీ ఒక మూలుగు మొదలవుతుంది. చెక్క బల్ల మీద పెడితే ఎవరైనా పక్కనుంచి నడిచినా సూది ఎగురుతుంది.

మన పాత ఇళ్ళలో దీనికి సిద్ధంగా ఉన్న జవాబు గోడలో కట్టిన కడప రాయి అర. గోడలోకి దిగిన రాయి కాబట్టి అడుగుల అదురు దానికి దాదాపు అందదు. మా అర లోతు కొలిచి చూస్తే సరిపోయింది. టర్న్‌టేబుల్‌కి 35 సెంటీమీటర్ల లోతు కావాలి, వెనక తీగలకు ఇంకో అరచేయి వెడల్పు వదలాలి, పై అర ఎత్తులో ఉండి మూత పూర్తిగా తెరుచుకోవాలి. రాయి కాస్త ముందుకు వాలి ఉంది. మేస్త్రీలు వాడే రసమట్టం పళ్ళెం మీద రెండు దిక్కులా పెట్టి చూసి, కాళ్ళు తిప్పి సరిచేశాను.

తర్వాత హమ్. శబ్దం పెంచగానే అడుగున ఒక గుమ్మని మోత. టర్న్‌టేబుల్ వెనక ఉండే సన్నని ఎర్త్ తీగను యాంప్ మీది గ్రౌండ్ మరకు బిగించాను. తగ్గింది, పోలేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ప్లగ్గు చూపిస్తే మూడో రంధ్రానికి ఎర్త్ తీగే రావడం లేదు. మూడు రంధ్రాలున్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. ఇది పాటల కోసమే కాదు, ప్రాణాల కోసం కూడా చూపించుకోవాల్సిన విషయం. అతను బోర్డు దాకా కొత్త తీగ లాగి, కింద ఎర్త్ గుంతలో నీళ్ళు పోయించాక మోత పోయింది. మిగిలిన చిన్న జుయ్ మనే శబ్దం ఫ్యాన్ రెగ్యులేటర్‌ది. సిగ్నల్ తీగలను ఆ బోర్డుకి దూరంగా తిప్పేసరికి అదీ వినిపించకుండా పోయింది.

ఇంకో మాట. ఈ టర్న్‌టేబుల్ లోపలే సూది సిగ్నల్‌ని పెంచే ఒక ప్రీయాంప్ ఉంది. యాంప్‌లో ఫోనో ఇన్‌పుట్ వాడేటప్పుడు వెనకున్న స్విచ్‌ని ఫోనో వైపు పెట్టి లోపలిదాన్ని ఆపేయాలి. రెండూ కలిస్తే గొంతు పగిలిపోతుంది.

ఆగస్టు

సూది సర్దడం. నాకు బాగా ఇష్టమైన పని ఇదే, పగటి వెలుగులో, ఫ్యాన్ ఆపేసి చేయాలి.

ముందు చేయిని గాలిలో సమంగా తేలేలా వెనక బరువు తిప్పాలి. అక్కడ అంకెల చక్రాన్ని సున్నాకి తెచ్చి, కావలసినంత బరువు ఇవ్వాలి. ఎల్‌పీ సూదికి 2 గ్రాములు. 78 సూదికి 5 గ్రాములు, అంటే రెట్టింపు కన్నా ఎక్కువ. చక్రం మీది అంకెలతో ఆగకుండా, సూది బరువు కొలిచే చిన్న డిజిటల్ తూకంతో ప్రతిసారీ చూస్తున్నాను. బరువు తక్కువైతే రికార్డుకి మేలనుకుంటారు చాలామంది. నిజానికి తేలికైన సూది గాడిలో నిలవక గోడలకు కొట్టుకుంటుంది, అరుగుదల అప్పుడే ఎక్కువ.

కార్ట్రిడ్జ్ కోణానికి కాగితం మీద అచ్చువేసిన ప్రొట్రాక్టర్ (కోణం చూసే గీతల పటం) చాలు. దీనికి వాడే బేర్‌వాల్డ్ లెక్క ప్రకారం పళ్ళెం నడిమధ్య నుంచి 66 మిల్లీమీటర్లు, 121 మిల్లీమీటర్లు, ఈ రెండు చోట్లా కార్ట్రిడ్జ్ గీతలకు సమాంతరంగా ఉండాలి. అచ్చు వేశాక స్కేలుతో ఆ దూరాలు కొలవండి. ప్రింటర్ పేజీకి సరిపెట్టాలని బొమ్మను కుదించేస్తే మొత్తం లెక్క తప్పుతుంది. ఇది కుదిరాక ఈపీల చివర్లో ‘స’, ‘శ’ అక్షరాల దగ్గర వచ్చే ఉమ్ము శబ్దం బాగా తగ్గింది.

మోనో సంగతి. మోనో రికార్డులో పాట సూదిని పక్కలకే ఊపుతుంది. దుమ్ము, గీతలు, అరుగుదల సూదిని పైకీ కిందికీ కూడా కదుపుతాయి. స్టీరియో కార్ట్రిడ్జ్ ఆ రెండు కదలికలనూ పలికిస్తుంది. కుడి, ఎడమ సిగ్నళ్ళను కలిపేస్తే పైకీ కిందికీ వచ్చే శబ్దం ఒకదానికొకటి రద్దైపోయి, పాట మిగులుతుంది. మా యాంప్‌కి మోనో స్విచ్ లేదు. కోఠి గుజరాతీ గల్లీలో రెండు వై కేబుళ్ళు కొన్నాను: ఒకటి రెంటిని ఒకటి చేసేది, ఇంకోటి ఒకదాన్ని రెండు చేసేది. టర్న్‌టేబుల్‌కీ ఫోనో ఇన్‌పుట్‌కీ మధ్య వీటిని ఒకదానికొకటి తగిలించాను, టర్న్‌టేబుల్ స్విచ్ ఫోనో వైపే ఉంచి. ఈ ఇంట్లో పెట్టిన రూపాయికి ఇంతకన్నా ఫలితమిచ్చిన వస్తువు లేదు. సూదీ, స్పీకరూ మార్చకుండానే చిటపటలు వెనక్కి పోయి గొంతు ముందుకొచ్చింది.

సెప్టెంబరు

గది 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. నేల విట్రిఫైడ్ టైల్స్, గోడలు నున్నటి పుట్టీ. మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే గోడల మధ్య టింగుమని మోగుతుంది. ఈ మోత ఉన్నంతసేపూ ఎంత ఖరీదైన స్పీకరైనా అరుస్తున్నట్టే ఉంటుంది. స్పీకర్లకూ కుర్చీకీ మధ్య నేల మీద వరంగల్ కొత్తవాడ జంపఖానా మందంది పరిచాను, కిటికీకి బరువైన తెర వేశాను, నా వెనక గోడకి పుస్తకాల అర జరిపాను. చప్పట్ల మోత సగానికి పైగా పోయింది.

స్టాండ్లు వీధి చివర వెల్డింగ్ షాపులో చేయించాను. 24 అంగుళాల ఎత్తు, చదరపు ఇనుప పైపు, కింద మందపు రేకు. పైపులో ఎండబెట్టి జల్లించిన ఇసుక నింపితే వేలితో కొట్టినా మోగదు. తడి ఇసుక పోస్తే లోపల తుప్పు పడుతుంది. ఎత్తు విషయంలో ఒకటే కొలత: కుర్చీలో కూర్చున్నప్పుడు పైస్థాయి పలికే చిన్న స్పీకర్, ట్వీటర్, చెవికి సమానంగా ఉండాలి. మీరు దివాన్ మీద వినేవాళ్ళైతే స్టాండు ఇంకా పొట్టిగా చేయించుకోవాలి.

స్పీకర్లను సర్దడానికి మోనో రికార్డు కన్నా మంచి పనిముట్టు లేదు. రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం కాబట్టి గొంతు సరిగ్గా మధ్యలో, గాలిలో నిలబడాలి. మాకు కుడికి జరిగి వినిపించింది. కారణం కుడి గోడకి ఆనుకున్న స్టీలు బీరువా. నున్నటి రేకు శబ్దాన్ని అద్దంలా తిప్పి కొడుతోంది. బీరువాని పక్క గదికి మార్చాక గొంతు మధ్యకి వచ్చింది. ఇప్పుడు స్పీకర్ల మధ్య ఆరు అడుగులు, నా కుర్చీకి ఒక్కోదాని నుంచి ఆరున్నర, వెనక గోడకి అడుగున్నర. అంతకన్నా గోడకి దగ్గర జరిపితే బాస్ ముద్దగా అవుతోంది. 14 అడుగుల పొడవుకి 40 హెర్ట్జ్ దగ్గర, 11 అడుగుల వెడల్పుకి 51 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తాను మోగి ఆ బాస్‌ని పెంచుతుంది. మూలల్లో అది మరీ ఎక్కువ, అందుకే మూలల్లో పెట్టలేదు. స్పీకర్లను లోపలికి కాస్త తిప్పాను, పూర్తిగా నా వైపు కాదు. పూర్తిగా తిప్పితే 78ల గరగర సూటిగా చెవిలో పడుతోంది.

అక్టోబరు

రికార్డులు కడగడం, వేగం చూడటం.

లక్క రికార్డుల మీద స్పిరిట్ గానీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ ఒక్క చుక్క కూడా పడకూడదు. లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల డిష్‌వాష్ ద్రవం, మెత్తటి బ్రష్, గాడి వెంబడి గుండ్రంగా, లేబుల్ తడవకుండా. మళ్ళీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నీడలో నిలబెట్టి ఆరనివ్వాలి. తెనాలి తేమలో పట్టిన బూజు చాలావరకు ఇలాగే పోయింది. ఆల్కహాల్ కలిపిన నీళ్ళు ఎల్‌పీలకు మాత్రమే.

78లను మామూలు ఫోనో ఇన్‌పుట్‌లో వింటే గొంతు దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది. ఫోనో ఇన్‌పుట్‌లో ఉండేది 1954లో స్థిరపడిన ఆర్‌ఐఏఏ లెక్క; రికార్డు చేసేటప్పుడు పెంచిన పైస్థాయిని వినేటప్పుడు తిరిగి తగ్గించే ఏర్పాటు. అది 10 కిలోహెర్ట్జ్ దగ్గర పైస్థాయిని సుమారు 14 డెసిబెల్స్ తగ్గిస్తుంది. పాత 78లు రికార్డు చేసినప్పుడు పైస్థాయిని అంతగా పెంచలేదు. కాబట్టి ట్రెబుల్ మీట కుడివైపు తిప్పాలి, గరగర విసుగు పుట్టించే చోటికి ముందే ఆపాలి.

వేగం కూడా పేరులో ఉన్నట్టు ఉండదు. మన 50 హెర్ట్జ్ కరెంటుతో వెలిగే దీపం కింద, వేగం చూడటానికి పళ్ళెం మీద పెట్టే 77 గీతల స్ట్రోబ్ డిస్క్ కదలకుండా కనిపిస్తే అది 77.92 వేగం. అసలు రికార్డింగ్ అంతకు అటూ ఇటూ జరిగి ఉండొచ్చు. పద్యనాటకాలకు ఇక్కడ ఒక ఆధారం ఉంది: హార్మోనియం. దాని మెట్లు మారవు కాబట్టి ఫోన్‌లో తంబురా యాప్ పెట్టి, శ్రుతి రెండు మెట్ల మధ్య ఇరుక్కున్నట్టు వినిపిస్తే పిచ్ స్లైడర్‌తో దగ్గరి మెట్టుకి తేవచ్చు. ఒక మెట్టుకి దాదాపు ఆరు శాతం వేగం తేడా. హార్మోనియాలన్నీ ఒకేలా శ్రుతి చేసి ఉండవు, కాబట్టి ఇది అంచనాయే, అయినా గొంతుకి తెలుస్తుంది. ఈలపాట రఘురామయ్య గారి ఒక ప్లేటు వేగం రెండు శాతం తగ్గించగానే, గబగబా పరిగెత్తుతున్నట్టున్న రాగం నింపాదిగా కూర్చుంది.

కొన్ని ప్లేట్లలో రాగం సాగదీసిన చోట స్వరం ఊగుతోంది. మోటారు తప్పు కాదు, నడిమి రంధ్రం పక్కకి ఉంది. చేయిని చూస్తే తెలుస్తుంది, ప్రతి చుట్టుకీ అటూ ఇటూ తూగుతుంది. ఇలాంటివాటిని విడిగా పెట్టాను. రంధ్రాన్ని పెద్దది చేసి సర్దే పద్ధతి ఉందిగానీ లక్క పెళుసు, పెదనాన్న ప్లేట్ల మీద ఆ పని చేయను. నవంబరులో ఎర్రగడ్డ ఆదివారం సంతలో లేబుల్ చిరిగిన 78లు దొరికితే వాటి మీద ముందు ప్రయత్నిస్తాను. దాంతోపాటు నాటకాల సెట్లన్నిటికీ కొత్త కాగితపు కవర్లు కత్తిరించాలి. పాతవాటిని చెదలు చాలావరకు తినేశాయి.